ఆ గొంతు ఆయనది కాదు

ఎనభైల మొదట్లో అమెరికాలో, ఎడిసన్‌లో మేం అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఒక ఇటాలియన్ నటుడు, ఆయన భార్య ఉండేవారు. వాళ్ల దేశంలో పాతికేళ్లు సినిమాల్లో వేసి, వేషాలు తగ్గాక ఇక్కడ మేనల్లుడి బేకరీలో పనికి వచ్చాడు పెద్దాయన. అన్నేళ్లలో ఒక్క సినిమాలోనూ ఆయన సొంత గొంతు వినపడలేదు. షూటింగ్ అయ్యాక స్టూడియోలో వేరేవాళ్లతో మాటలు చెప్పించడం అక్కడ మామూలేనట. మామూలైతే మాత్రం, మనిషి మొహం ఉంచుకుని గొంతు పారేస్తారా?

ఇక్కడ ఒక సినిమాలో హోటల్ ఓనర్ వేషం దొరికింది. ఒక్కటే సీను. మాటలు షూటింగ్‌లోనే రికార్డ్ చేస్తామన్నారని పొంగిపోయాడు. భార్యకి షుగర్ వల్ల చూపు పోయింది. తెర మీద మొగుణ్ణి చూడలేకపోయినా ఈసారి వింటుంది కదా! ఏ వేషమో ఆమెకి చెప్పలేదు. గొంతు విని తనే పోల్చుకోవాలని ఆయన పంతం. అందుకే మా వంటింట్లో కూర్చుని, అంతంతమాత్రపు నా ఇంగ్లీషుతోనే డైలాగులు దిద్దించుకున్నాడు.

సినిమా వచ్చింది. మా ఆయన కార్లో నలుగురం వెళ్లాం. తెర మీద పెద్దాయన నోరు తెరిచాడు. ఎవడో ముక్కుతో సాగదీస్తూ వెక్కిరింపు యాసలో మాట్లాడాడు. హాలంతా గొల్లుమంది.

"అదేంటే, షూటింగ్‌లోనే రికార్డ్ చేస్తామన్నారుగా? మళ్లీ డబ్బింగ్ ఎందుకు చేశారు?" అన్నాడు మా ఆయన నా చెవిలో.

ఎందుకో తర్వాత తెలిసింది. ఆయన యాస చాలినంత ఇటాలియన్‌గా లేదట! ఆ దేశంలో పుట్టి పెరిగినవాడికి ఆ యాస చాలదని వీళ్లు తేల్చారు. ఎంత పొగరు! ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది. అప్పుడు హాల్లోనే లేచి అరుద్దామనుకున్నాను, కానీ ఎవరి మీద? పెద్దాయన మాత్రం భార్య చెయ్యి పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

లైట్లు వెలిగాయి. "అయిపోయిందా? మరి నువ్వెక్కడ?" అని అడిగిందామె.

"నా సీను కట్ చేశారు" అన్నాడు.

నేను నిజం చెప్పబోయాను. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో ఆమె, మాకూ తెలియాలని కాబోలు, ఇంగ్లీషులోనే అంది: "ఆ హోటల్ ఓనర్ వేషం నీకివ్వాల్సింది. ఎవడో గానీ, వినలేకపోయాను."

"అవును. వాడికి మన యాసే రాదు" అన్నాడు పెద్దాయన.