చెరో గట్టున ఒక తాడు

మనవరాలి ఫిజిక్స్ పుస్తకంలో ఒక పడవ, దాన్ని రెండు వైపుల నుంచి లాగే రెండు బాణాలు కనిపించాయి. కాలువ పక్క ఊళ్లలో పెరిగినవాళ్లకు బకింగ్‌హాం కాలువలో కట్టెల పడవలు గుర్తున్నాయా? ఆ తారు వాసన, తడిసిన కొబ్బరితాడు వాసన?

నా చిన్నప్పుడు తమ్ముడికి జ్వరం ముదిరి, పిలిచినా కళ్లు తెరవలేదు. ఆసుపత్రికి పోవాలంటే మా కట్టెల పడవే దిక్కు. గాలి లేక తెరచాప పనికిరాలేదు. తొందరలో నాన్న, చిన్నాన్న ఇద్దరూ ఒకే గట్టున దిగి తాడు లాగారు. వాళ్లు బలంగా లాగేకొద్దీ పడవ గట్టుకే గుద్దుకునేది.

"ఏమండీ, ఇద్దరూ ఒకే పక్క లాగితే ఎట్లా పోతాది? ఒకరు అవతలికి పోండి!" తమ్ముణ్ణి ఒడిలో పెట్టుకొని అమ్మ అరిచింది.

"దొరసానిలా కూచోని బాగా చెప్తావు వదినా!" అంటూనే చిన్నాన్న ఇంకో తాడు నడుముకు చుట్టుకొని అవతలి గట్టుకు ఈదాడు.

ఇద్దరూ చెరో వైపు లాగితే, పడవ ఎవరి వైపూ పోకుండా నేరుగా సాగింది.

సాయంత్రం ఆసుపత్రిలో తమ్ముడు నీళ్లడిగాడు. ప్రార్థన చేద్దామంటే, తాడు ఒరుసుకొని అరచేతుల తోలు ఊడిన నాన్న చేతులు జోడించలేకపోయారు.

అమ్మ తన చేతులు జోడించి, "మీ వంతు కూడా ఇవేలే" అన్నది.