తుఫాను షెల్టరు రెయిలింగు

బందరులో నాకు రెయిలింగులు చేసే షాపు ఉంది. బాల్కనీ అయినా, ఆసుపత్రి ర్యాంపు అయినా రూలు ప్రకారమే చేస్తానని నాకు కాస్త పొగరు. కమ్మీల మధ్య పసిపిల్ల తల దూరకూడదు. పైపు కొస గోడలోకి వంగిపోవాలి. చేతికి ఎక్కడా గరుకు తగలకూడదు. అతుకులు అరగదీశాక పాత నైలాను చీర ముక్క ఒకటి పైపు పొడవునా లాగుతాను. ఒక్క పోగు పట్టుకున్నా మళ్లీ గ్రైండరు అందుకుంటాను. ఇంట్లో దీన్ని చాదస్తమంటారు, అననీ.

కిందటేడు దివిసీమలో సముద్రం పక్కనున్న ఒక ఊళ్లో తుఫాను షెల్టరుకి మెట్ల రెయిలింగు పని వచ్చింది. ఉప్పుగాలికి తట్టుకునే స్టీలే కావాలని కాంట్రాక్టరుతో గొడవపడి, గుడివాడలో వంపులు తిప్పించి, చల్లపల్లి మీదుగా వ్యానులో వేసుకెళ్లాను. షెల్టరు కింద అంతా ఉత్త స్తంభాలే. ఆ స్తంభాల మధ్య గాలి ఎప్పుడూ ఈల వేస్తూనే ఉండేది. రెండు గోడల నడుమ ఇరుకు మెట్లు, గోడకి బ్రాకెట్లు, వాటి మీద ఒకే పొడుగు పైపు.

పైపు బిగించిన మర్నాటి నుంచి ఒక ముసలావిడ రావడం మొదలుపెట్టింది. కొడుకూ కోడలూ గిలకలదిండి రేవులో బోటు పనికీ చేపల అమ్మకానికీ ఉండిపోతే, మనవరాలిని ఈవిడే పెంచుతోందట. నేనూ నా పనివాళ్లూ అన్నాలు తినే వేళకి వచ్చేది. చెంబుతో తెచ్చిన సముద్రపు నీళ్లలో అరచెయ్యి ముంచి, కళ్లు మూసుకుని, పై మెట్టు నుంచి కింది దాకా పైపుని గట్టిగా పట్టుకుని చెయ్యి జారుస్తూ దిగేది. కీచుమని శబ్దం వచ్చేది. ఆ గోడల మధ్య అది మనిషి గొంతులాగే వినిపించేది. ఆ తర్వాత పిల్ల చేత కూడా అలాగే చేయించేది.

వాళ్లు వెళ్లి, నీళ్లు ఆరాక చూస్తే స్టీలు మీద ఉప్పు మరకలు ఉండేవి. పెద్ద చెయ్యి, పక్కనే చిన్న చెయ్యి. చెయ్యి నిలిచిన గుర్తు ఒక్కటీ లేదు, అన్నీ వేళ్లు సాగి జారిపోయిన గీతలే. తుడిచేవాణ్ణి. మర్నాటికి మళ్లీ ఉండేవి. మొదట చిరాకేసింది, ఆ తర్వాత నిజంగా భయమేసింది. బందరులో మా ఆవిడ స్టీలు పళ్లెం తోముతున్నా నేను ఉలిక్కిపడేవాణ్ణి.

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. ఉప్పెన వచ్చిననాడు తను చిన్నపిల్లనని చెప్పింది. నీళ్లు లాక్కుపోతుంటే ఒక చేతికి తుమ్మకొమ్మ దొరికింది, రెండో చేతిలో తమ్ముడున్నాడు. ముళ్లు అరచేతిలో దిగబడబట్టే ఆ చెయ్యి నిలిచింది. తమ్ముడి చెయ్యి మాత్రం తడికి జారిపోయింది. ఇదంతా చేపల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నీ పైపు మా తమ్ముడి చెయ్యిలాగుంది బాబూ," అంది. "ఎక్కడన్నా కాస్త గరుకుంచు."

కుదరదన్నాను. జనం తోసుకుంటూ ఎక్కేటప్పుడు ఎవరి చీరో ఆ గరుక్కి పట్టుకుంటే ఒకరి మీద ఒకరు పడిపోతారని, రూలు అందుకే పెట్టారని ఓపిగ్గా చెప్పాను. ఆవిడ అంతా విని తలూపింది. అయితే తుఫానొస్తే ఈ మెట్లెక్కనని, ఊరి వెనక కట్ట మీదున్న తుమ్మచెట్టు దగ్గరికే పోతానని అంది. పిల్లతోనా అని అడిగాను. పిల్ల కోసమేనంది. ఇంజినీరుగారు వచ్చి, టేపు పెట్టి కొలిచి, చెయ్యి ఆనించి చూసి పని బాగుందన్నారు. నాకు ఏమాత్రం సంతోషం కలగలేదు.

వానాకాలం వెళ్లిపోతున్న రోజుల్లో తుఫాను హెచ్చరిక వచ్చింది. బ్రాకెట్లు ఒకసారి చూసి రమ్మని కాంట్రాక్టరు పంపితే ఆ ఊళ్లోనే ఉన్నాను. ఆటోలో మైకు తిరుగుతోంది. జనం మూటలతో, పిల్లలతో పైపు పట్టుకుని ఎక్కుతున్నారు. నేను మెట్ల మొదట్లో నిలబడి ఒక్కొక్క మొహమే చూశాను. ఆ ఇద్దరూ రాలేదు.

ఊరి వెనక కట్ట మీదుగా పరుగెత్తాను. మధ్యాహ్నమే మసక కమ్మింది. చినుకులు పడుతున్నాయి గానీ గాలి పూర్తిగా ఆగిపోయింది, పిట్ట కూత లేదు. తుమ్మచెట్టు మొదట్లో ఆవిడ నిలబడి ఉంది. పిల్ల నడుముకి చీర చుట్టి మానుకి కట్టేసింది. పిల్ల ఏడవడం లేదు. బాగా అలవాటున్నదానిలా ఒక కొమ్మ పట్టుకుని నిలబడి ఉంది. గుప్పిట్లోంచి రక్తం కారుతోంది.

పైపు పట్టుకోవద్దు పిన్నీ, పిల్లను నేను పట్టుకుంటానన్నాను. ఆవిడ నా చెయ్యి అందుకుని వెల్లకిలా తిప్పింది. తడి అరచేతిని నా మణికట్టు మీద ఆనించి, కళ్లు మూసుకుని, వేళ్ల వైపు లాగింది. ఇన్నేళ్ల వెల్డింగు మంటలకి కాలి, స్టీలు రవ్వలు గీసుకుపోయి, పగిలి పెచ్చులు లేచిన చెయ్యి అది. ఆమె చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. మళ్లీ లాగింది. మళ్లీ ఆగింది.

కళ్లు తెరిచి, చీర ముడి విప్పి, నెత్తురోడుతున్న ఆ చిన్న చేతిని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"గరుకుగానే ఉంది," అంది. "వదలమాక."