వేలు పెట్టకూడని రైళ్లు

పోపుల డబ్బాలో రైలు నడుపుతున్నానని తెలిసినప్పటినుంచి మా ఆవిడ నన్ను కొత్తవాళ్లకు పరిచయం చేయడం మానేసింది. తప్పు ఆమెది కాదు. గోపాలపట్నంలో మా ఇంటి వెనకనుంచే అసలు రైళ్లు రోజంతా ఊరికే పోతుంటాయి. వాటిని వదిలేసి, వేలు పెట్టి ఒక బొమ్మ రైలు కొని, అది ఆగినప్పుడల్లా మళ్లీ వేలు పెట్టి తోసే మనిషిని ఏమని పరిచయం చేస్తుంది?

నాలాంటివాళ్లం ఓ పదిహేనుమందిమి ఒక బృందంగా ఉన్నాం. మా పట్టాల మధ్య దూరం మూడు మిల్లీమీటర్లు. పెసరగింజ అడ్డంపడితే మాకది ఘోర ప్రమాదం. ఏడాదికోసారి ఏదో ఒక ఊళ్లో కలిసి ఎవరి లోకాన్ని వాళ్లు బల్లమీద పెట్టి చూపించుకుంటాం. నిబంధన ఒక్కటే. రైలు తన చుట్టు తానే పూర్తిచేయాలి, ఆగకూడదు, మధ్యలో ఎవరూ వేలు పెట్టకూడదు. ఏడాదికి ఒకే అవకాశం. తిరిగితే ఆ నమూనాలోని ఊరి పేరు మా గోడపటం మీద స్టేషన్‌గా ఎక్కుతుంది. నా పోపుల డబ్బా రెండేళ్లుగా ఎక్కలేదు. అన్నిట్లోనూ వేలు పెడతాడని పేరున్నవాడికి ఇంతకంటే కఠినమైన నిబంధన దొరకదు.

ఈసారి కలిసే చోటు బస్తర్‌లోని కిరందుల్. అక్కడ ఇనుప గనిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే సింహాచలం మూడేళ్లుగా పిలుస్తున్నాడు.

శనివారం ఉదయం ఏడు కాకముందే విశాఖలో కిరందుల్ పాసింజర్ ఎక్కాను. కుడివైపు కిటికీ సీటు ముందే రిజర్వు చేయించుకోండి, లోయలన్నీ అటే. డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఎదుటి పెద్దాయన చాలాసేపు దానివంకే చూసి, చివరికి పులిహోరా అని అడిగాడు. రైలండీ అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా పక్క సీటుకు జరిగాడు. పెట్టెలో కూర్చుని పెట్టె మోసుకెళ్లేవాడికి ఆమాత్రం చోటు దొరకడం మంచిదే.

అరకు దాకా ఈ బండి అందరికీ అక్కరే. సొరంగం వచ్చినప్పుడల్లా కుర్రాళ్లు కేకలేశారు. అరకులో వాళ్లంతా దిగిపోయాక బండి మా పరమైంది. కోరాపుట్‌లో పెసరట్టు దొరుకుతుందనుకోకండి, సమోసాలు దొరుకుతాయి. సాయంత్రం నాలుగు దాటాక జగదల్‌పూర్.

అక్కడ ఎక్కింది లక్ష్మి. తోంగ్‌పాల్‌లో బడి టీచరు, సొంతూరు కోంటా వైపు. మా ఫోన్ గ్రూపులో ఆరు నెలలుగా ఉన్నా మనిషిని చూడటం అదే మొదలు. పరుపు గుడ్డలో చుట్టిన వెడల్పాటి చెక్కపెట్టెను పసిబిడ్డలా రెండు చేతుల మీద పెట్టుకొచ్చింది. ముందు రోజే బస్సులో వచ్చి అక్కగారింట్లో పడుకుని, బస్సు కుదుపులకు ఊడిన చెట్లన్నీ పొద్దున మళ్లీ అతికించిందట.

"ఒక్క చుట్టీయే దొరికింది సార్, సోమవారం" అంది.

"ఒక్క చుట్టు చాలమ్మా, మన నిబంధన కూడా అంతే" అని ధైర్యం చెప్పాను.

ఆవిడ నావైపు జాలిగా చూసి, చుట్టీ అంటే సెలవు సార్ అంది. హిందీ, హల్బీ, గోండీ, తెలుగు రోజూ మార్చిమార్చి మాట్లాడే మనిషి ముందు నా ఒక్క తెలుగూ పట్టాలు తప్పింది.

గీదం వైపు పోతుండగా పెట్టె తెరిచి చూపించింది. తోంగ్‌పాల్‌లో బయల్దేరిన రైలు సుక్మా మీదుగా కోంటాలో శబరి నది ఒడ్డు దాకా వెళ్లి తిరిగొస్తుంది. సాల చెట్ల అడవి, గోరంత గుడిసెలు, ఆవగింజలంత మనుషులతో వారపు సంత. చూడటానికి ముచ్చటగా ఉంది కానీ నాకో సందేహం వచ్చింది. ఆ దారిలో రైలు లేదు కదా అన్నాను.

"లేదు సార్. అందుకే ఏసిన. మా పిల్లల పుస్తకంల రైలు పాఠముంది. మనూరికెప్పుడొస్తది టీచర్ అని అడిగిన్రు. ఏం చెప్పాలె? పటం మీద తోంగ్‌పాల్ పేరు రాపిచ్చుకోనొస్తనని మాటిచ్చిన." పెట్టె మూసి, గుడ్డ సర్దుతూ అంది, "ఉత్త చేతులతోని పోతే వాళ్ల మొకాలు చూడలేను."

చీకటిపడ్డాక కిరందుల్ చేరాం. సింహాచలం స్టేషన్‌కు వచ్చి, "డబ్బా బావుంది, మనిసే సిక్కిపోయాడేటి" అని నన్ను ఎగాదిగా చూశాడు. నాకు బస్టాండు దగ్గర లాడ్జి, లక్ష్మికి సింహాచలం వాళ్ల క్వార్టర్. లాడ్జిలో నీళ్లు వేడివే ఇస్తారు, దుప్పటి మాత్రం ఇంటినుంచి తెచ్చుకోండి.

ఆదివారం ఎనిమిదింటికల్లా స్టేషన్ వెనకున్న హాలుకు చేరాం. ఆ ఊళ్లో రోడ్డు, గోడ, చెట్టు అన్నీ ఎర్రగా ఉంటాయి. ఆ ఎరుపు చూసి నాకో గొప్ప ఆలోచన వచ్చింది. అసలు ఇనుప మట్టి కాళ్లకింద ఉండగా నమూనాలకు రంగు పొడి దేనికి? టీ జల్లెడతో రోడ్డుపక్క మట్టి జల్లించి నా డబ్బాలో దారులన్నిటికీ చల్లాను. అచ్చం బస్తర్ అన్నారు అందరూ. జల్లెడ చేతులు మారింది. రాయపూర్ వాళ్లు చల్లుకున్నారు, నగర్‌నార్ వాళ్లు చల్లుకున్నారు. లక్ష్మి తటపటాయిస్తే నేనే దగ్గరుండి ఆవిడ రోడ్లకు కూడా చల్లించాను.

ఒక్క విషయం ఎవరికీ తట్టలేదు. మా రైళ్లు మరీ తేలిక కాబట్టి పట్టాలను పట్టుకోవడానికి వాటి చక్రాలకు అయస్కాంతాలుంటాయి. ఇనుము తవ్వే ఊళ్లో అయస్కాంతాల సంబరం పెట్టుకుని, పైగా ఇనుపపొడి చల్లుకున్నాం.

పది గంటలకు మొదటి వంతు నాది. జీలకర్ర గిన్నె దాటేసరికి నా ఇంజనుకు గడ్డం మొలిచింది. మెంతుల దగ్గరికి మీసాలు కూడా వచ్చాయి. ఆవాల గిన్నెలోకి ఒరిగి పడుకుంది. టౌన్‌షిప్ నుంచి పిల్లాపాపలతో వచ్చిన జనం ఇదే ఆట అనుకుని చప్పట్లు కొట్టారు. తర్వాత రాయపూర్ రైలు, నగర్‌నార్ రైలు ఒకదాని వెనక ఒకటి గడ్డాలు పెంచుకుని ఆగిపోయాయి.

లక్ష్మి తన ఇంజనును తిరగేసి చూసింది. ఊరికే పెట్టెలో ఉన్నదానికే పొడి అంటుకుంది. నావైపు చూడకుండా ఇంజను బల్లమీద పెట్టింది. గబగబా వంటింటివైపు వెళ్లింది. అక్కడ సింహాచలం భార్య పార్వతి మధ్యాహ్నానికి పూరీలు వత్తుతోంది. లక్ష్మి పిండి ముద్ద తెచ్చి చక్రాలను అందులో అద్ది, దొర్లించి తీసింది. పొడి పిండికి అంటుకుంది, చక్రాలు తళతళలాడాయి. తర్వాత పట్టాల వెంబడి పిండి అద్దుకుంటూ వెళ్లింది. అది చూసి మిగిలినవాళ్లంతా ఇంజన్లు పట్టుకుని వంటింటి ముందు బారులు తీరారు.

"ఈ పూరీలు ఎవురు తింతారో ముందే సెప్పండి" అంది పార్వతి.

లక్ష్మి వంతు వచ్చింది. రైలు తోంగ్‌పాల్‌లో కదిలి, సంత దాటి, సుక్మా దాటి, కోంటాలో శబరి ఒడ్డున మలుపు తిరిగింది. తిరిగొచ్చేటప్పుడు అడవిలో మెల్లబడింది. ఎక్కడో పిండి అందని చోట పొడి మిగిలింది. మెల్లగా, ఇంకా మెల్లగా, చీమ నడిచినట్టు. నా చూపుడువేలు దానంతటదే లేచింది. చేతులు రెండూ చంకల్లో ఇరికించుకున్నాను. లక్ష్మి పెదవులు కదులుతున్నాయి, ఏ భాషలోనో మరి.

అప్పుడు హాలు గోడలు సన్నగా అదిరాయి. వెనక లైను మీద ఖనిజం నింపుకున్న గూడ్సు బయల్దేరింది. కిటికీ రెక్కలు టకటకలాడాయి, బల్లలు వణికాయి, బల్లమీద సాల చెట్లు ఊగాయి. ఆ వణుకుకు చిన్న రైలు ఒక్క ఉలికిపాటు ఉలికి, మట్టిని విదిల్చుకుని, అడవిలోంచి బయటపడి తోంగ్‌పాల్ చేరింది.

ఇది చెల్లుతుందా అని రాయపూర్ ఆయన సందేహం. నిబంధన వేలు గురించే కదా, గూడ్సుకు వేళ్లెక్కడివి అన్నాను నేను. ఆ ఏడాది నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

సింహాచలం కుర్చీ ఎక్కి పటం మీద, ఏ పట్టాలూ లేని చోట, తోంగ్‌పాల్ అని రాశాడు. ఆ తర్వాత ఇంకో నాలుగు రైళ్లు తిరిగాయి, మూడు తిరగలేదు. ఆకు డొప్పల్లో పూరీలు, ఆలూ కూర తిన్నాం. పార్వతి పిండి మళ్లీ కలిపిందనే నమ్ముతున్నాను.

సోమవారం తెల్లవారగానే అదే బండిలో తిరుగు ప్రయాణం. పదింటికి జగదల్‌పూర్ దగ్గరపడుతుండగా లక్ష్మికి బడినుంచి ఫోన్ వచ్చింది. అవతల తరగతి తరగతంతా ఉంది. వాళ్లు హల్బీలో అడుగుతున్నారు, ఆవిడ జవాబు చెప్పి, ప్రతి మాటా నాకు తెలుగులో అందిస్తోంది. పేరు రాశారు అనగానే అవతల పెద్ద గోల. తర్వాత ఎవరో అడిగారు, రైలు మనూళ్లో ఆగిందా అని.

"ఆగలే. ఆగితే ఓడిపోతుంటిమి అని చెప్పిన" అంది లక్ష్మి నాతో. ఫోన్లో గోల తగ్గింది. మళ్లీ ఏదో విని నావైపు తిరిగింది. "మరి మేమెట్ల ఎక్కుతం అంటున్రు సార్."

ఇన్నేళ్లుగా ఆగకుండా పోయే రైళ్లకే చప్పట్లు కొట్టిన మా పెద్దమనుషుల్లో ఒక్కరికీ ఈ ప్రశ్న తట్టలేదు. నేను నా ఫోన్లో సింహాచలాన్ని పట్టుకున్నాను. విషయం విని, "నిజవే కదేటి. వొచ్చే ఏడునుంచి తోంగ్‌పాల్లో ఒక నిమిషం ఆపుదాం, అది తప్పు కింద రాదు" అన్నాడు. లక్ష్మి ఆ మాట పిల్లలకు చేరవేసింది. వాళ్లు సంతోషిస్తారనుకుంటే అవతల సీరియస్‌గా చర్చ మొదలైంది. చివరికి ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది.

"నిమిషం సాలదంట సార్. వాళ్ల అవ్వ మెల్లగ ఎక్కుతదంట" అని లక్ష్మి అందించింది.

మళ్లీ సింహాచలానికి ఫోన్ చేశాను. బండి జగదల్‌పూర్ ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది, లక్ష్మి పెట్టె ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడి నా జవాబు కోసం చూస్తోంది. రెండు వేళ్లు చూపించాను. రెండు నిమిషాలు. ఆవిడ నవ్వుతూ, ఫోన్లో ఆ సంగతి చెబుతూ దిగిపోయింది.