ఉన్న రంగు ఉన్నట్టే

అత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఫోటో తీయబోతూ ఒక పాప నుదుటి మీద జుట్టు సవరిస్తున్నాను. ఫోన్ చేసింది జగదల్‌పూర్ నుంచి వాళ్ల అమ్మాయి. "వదినా, అమ్మ పొద్దున్న లేవలేదు" అంది. నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. పాప వాళ్లమ్మ నా మొహం చూసి "ఏటయింది?" అని అడిగింది. చెప్పాను. ఆమె వెంటనే పాపను ఎత్తుకుని లేవబోయింది. వద్దన్నాను. కిటికీలోంచి వెలుతురు మెత్తగా పడుతోంది, పాప నవ్వుతోంది. అలాంటప్పుడు కెమెరా కింద పెడితే అత్త ఊరుకునే మనిషి కాదు. ఫోటో తీశాను. వాళ్లను గుమ్మం దాకా సాగనంపాను. తలుపు వేశాక ఏడ్చాను.

అత్త నాకు చుట్టం కాదు. నేను పెళ్లయి విజయనగరం వైపు నుంచి ఇనుపగనుల ఊరైన కిరందుల్ రైల్వే కాలనీకి వచ్చిన కొత్తలో ఆమె మా వెనక వీధిలో ఉండేది. ఆమె పుట్టిల్లు కోంటా దగ్గర గొల్లపల్లి. భర్త బజారులో ఫోటో స్టూడియో నడిపేవాడట. ఆయన పోయాక ఆమె కెమెరా, లైట్లు ఇంటికి తెచ్చుకుని ముందుగదిలో పెట్టుకుంది. పెళ్లిళ్లు, ఊరేగింపులు మానేసి పిల్లల ఫోటోలు మాత్రమే తీసేది. తెలుగు, హిందీ, హల్బీ, దోర్లీ నాలుగూ మాట్లాడేది. ఏ ఇంటి పిల్లవాడైనా ఆమె దగ్గరికొస్తే రెండు నిమిషాల్లో ఏడుపు మానేవాడు.

మా బాబు మొదటి పుట్టినరోజుకు నేను ఫోన్లో తీసిన ఫోటోలన్నీ నారింజపండు రంగులో వచ్చాయి. అవి పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంటే, ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ముందు ఆ చున్నీ తీసి అవతల పెట్టు."

"ఎందుకత్తా?"

"నీ చున్నీ పసుపంత పిల్లగాని గదుమ కిందికొచ్చి కూసుంది. చూడరాదు."

వంగి చూశాను. నిజమే. బాబు గడ్డం కింద లేత పసుపు నీడ ఉంది. ఏడాదిపాటు రోజుకు వందసార్లు ముద్దు పెట్టుకున్న గడ్డం అది, నాకెప్పుడూ కనిపించలేదు. మర్నాడు పని లేకపోయినా వెళ్లాను. ఆ మర్నాడూ వెళ్లాను. అలా నాలుగేళ్లు వెళ్లాను.

ఆ గది ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, తెల్లసున్నం గోడలు, ఓ మూల వెలుతురును మొహం మీదికి మళ్లించే తెల్లటి థర్మోకోల్ అట్ట. మా ఊళ్లో గాలికి ఇనుపరాయి ధూళి ఎగిరి అన్నిటి మీదా ఎర్రగా పేరుకుంటుంది. అందుకని అత్త రోజూ పొద్దున్నే కిటికీ అద్దాలు, ఆ అట్ట, నేల తుడిచేది. "ఈ ఎర్రదనం నేల మీదుంటే పిల్లల మొహం మీద కూడ ఉన్నట్టే" అనేది. ఫోటోలు తీసే రోజున బూడిదరంగు చీర కట్టేది. భర్త పోయిన మనిషి కనుక అలా కడుతుందని కాలనీలో అనుకునేవారు. అసలు సంగతి తన బట్టల రంగు పిల్లల మీద పడకూడదని. మామూలు రోజుల్లో ఆమె కట్టే చిలకపచ్చ, గులాబీ రంగు చీరలు చూసినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు.

కిటికీ వెలుతురుతో తీసేటప్పుడు ట్యూబులైటు ఆర్పించేది. రెండు రకాల వెలుగులు కలిస్తే మొహం సగం ఒక రంగు, సగం ఇంకో రంగు అవుతుంది. ప్రతి బిడ్డ చేతికీ ముందు ఒక బూడిదరంగు కార్డు ఇచ్చి "దీని మీద ఏం రాసుందో చదువు" అనేది. దాని మీద ఏమీ ఉండదు. పిల్లలు అటు తిప్పి, ఇటు తిప్పి, నవ్వేవారు. ఆ నవ్వుతోనే మొదటి ఫోటో. తర్వాత కంప్యూటర్లో ఆ కార్డు బూడిదగా కనిపించేలా సరిచేస్తే, మిగతా రంగులన్నీ వాటి చోటుకు అవే వస్తాయి. ఇంతే విద్య. కానీ ఇంతే విద్యను ఒక్కరోజు కూడా ఎగ్గొట్టకుండా చెయ్యడం అత్తకే చెల్లింది.

ఒకసారి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకామె ఆరునెలల పాపను తెచ్చింది. ఊళ్లో ఉన్న ఆమె అత్తగారు మనవరాలిని ఇంకా చూడలేదు, ఫోటో పంపాలి.

"కాసింత తెల్లగా చేసీండమ్మా" అంది సిగ్గుపడుతూ.

అత్త నవ్వింది. "చేస్త. మరి మీ అత్త రేపు రైలు దిగి వచ్చి, నాకు పంపిన పిల్ల యాడుంది అని అడిగితే ఏం జెప్తవ్?"

ఆవిడకూ నవ్వొచ్చింది. అత్త ఫోటో అచ్చు తెప్పించాక ఆమెను పిలిచి, కిటికీ దగ్గర పాప బుగ్గ పక్కన ఆ కాగితం పెట్టి చూపించింది. నానిన చింతగింజ లాంటి నిగనిగలాడే చామనచాయ. ఏది బుగ్గో ఏది కాగితమో తెలియనంతగా కలిసిపోయాయి. ఆ తల్లి బుగ్గను, కాగితాన్ని మార్చి మార్చి చూసింది. "ఇంత బాగుంటాదని నాకే తెలీదు" అంది చివరికి.

ఇంత పట్టుదల ఎందుకని నేనొకసారి అడిగాను. అత్త బీరువాలోంచి ఒక ఆల్బం తీసింది. వాళ్ల అమ్మాయి చిన్నప్పటి ఫోటోలు. అన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. "మీ మామ ట్యూబులైటు కింద తీసిండు. పెద్ద ఫోటోగ్రాఫరు!" అని నవ్వింది. తర్వాత ఒక ఫోటో మీద వేలు పెట్టి నెమ్మదిగా అంది. "పిల్లల రంగు ఏడాదికేడాది మారుతది బిడ్డా. దీని బుగ్గ అప్పుడు ఏ రంగుండెనో ఎంత తల్చుకున్నా నాకిప్పుడు యాదికొస్తలేదు."

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు. అయినా చెప్పాలి.

తర్రెం దగ్గరి పల్లె నుంచి ఒక రైతు కుటుంబం కిరందుల్‌లో చుట్టాలింటికి వచ్చింది. నాలుగేళ్ల కూతురిని బడిలో వేయడానికి ఫోటో కావాలన్నారు. అత్త సంతకు వెళ్లింది. నేనే తీశాను. పాప నీరసంగా ఉంది. ప్రయాణం బడలిక అనుకున్నాను. కంప్యూటర్లో కార్డును చూసి రంగు సరిచేశాను. అయినా పాప మొహం పసుపుపచ్చగానే ఉంది. కార్డు సరిగ్గా పట్టుకుని ఉండదనుకున్నాను. ఫోటో రంగును నీలం వైపు కొంచెం జరిపాను, ఇంకొంచెం జరిపాను. పాప ముద్దుగా, ఆరోగ్యంగా తయారైంది. తల్లిదండ్రులు చూసి మురిసిపోయారు.

అప్పుడే అత్త సంచీతో లోపలికొచ్చింది. తెర వైపు చూసింది.

"ఏందిది? కార్డుకు జలుబు చేసిందా? నీలంగ అయింది."

"పిల్ల పసుపుగా వస్తోందత్తా, అందుకే..."

"కార్డు సక్కగున్నప్పుడు పిల్ల ఎట్లుండె? అది చూపెట్టు."

చూపించాను. అత్త సంచీ అక్కడే వదిలేసి పాప దగ్గరికి వెళ్లింది. కిటికీ దగ్గరికి ఎత్తుకుపోయి, దోర్లీలో ఏదో చెప్పి నవ్విస్తూ, కింది రెప్పను వేలితో మెల్లగా కిందికి లాగింది. నేనూ చూశాను. కనుగుడ్డు తెలుపంతా పసుపు.

"కామెర్లు" అంది. "అస్పతాల్‌కు పోదాం. ఇప్పుడే."

తండ్రి తటపటాయించాడు. మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోవాలి, ఊళ్లో పొలం పని ఆగి ఉంది. అత్త అతనితో వాదించలేదు. తల్లి చెయ్యి పట్టుకుని దోర్లీలో మాట్లాడింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆ తల్లి లేచి, కొంగు దోపుకుని, పాపను భుజాన వేసుకుంది. తండ్రి వెనకే నడిచాడు. అత్త సంతకు కట్టుకెళ్లిన చీరతోనే, చెప్పులు కూడా మార్చుకోకుండా వాళ్లతో వెళ్లింది.

పాపను ఆస్పత్రిలో వారం పైగా ఉంచుకున్నారు. ఆలస్యం చేయకుండా తెచ్చి మంచి పని చేశారని డాక్టరు అన్నాడట. అత్త రోజూ గంజి పట్టుకెళ్లేది. నేనూ వెళ్లాను, కానీ ఆ తల్లి మొహం చూడడానికి ధైర్యం చాల్లేదు. అత్త నన్ను ఒక్క మాట తిట్టలేదు. ఒకరోజు దారిలో మాత్రం అంది, "నువ్వు ఫోటోల నుంచి జబ్బు తీసేసినవు బిడ్డా. పిల్ల నుంచి కాదు."

నేను దిద్దిన ఆ ఫోటోను కంప్యూటర్లోంచి తీసేయబోతే ఆపింది. "ఉండనీ. అప్పుడప్పుడు చూస్కో." ఉంది, ఇప్పటికీ. పక్కనే అసలుదీ ఉంది. ఆ రెండింటి పక్కన మూడోది కూడా ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చాక అత్త తీసింది. కళ్లు తెల్లగా, పళ్లు బయటపెట్టి, కార్డును తల మీద టోపీలా పెట్టుకుని ఆ పాప.

నిరుడు మోకాళ్లు పట్టేశాక అత్త కూతురింటికి జగదల్‌పూర్ వెళ్లింది. కెమెరా నాకిచ్చింది. అత్త ఉన్న గది మాది కాదు కనుక మా ముందుగది గోడలకు సున్నం వేయించాను. ఇప్పుడు కాలనీ పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. పని బాగానే సాగుతోంది. ఆమె ఉంటే బాగానే ఉందని ఒప్పుకునేది కాదు, కానీ మర్నాడు మళ్లీ వచ్చి చూసేది.

చివరిసారి ఆమెను చూసింది రెండు నెలల కిందట, జగదల్‌పూర్‌లో. ఒక కంటికి శుక్లం తీయించుకుని వసారాలో కుర్చీలో కూర్చుంది. వాన అప్పుడే వెలిసింది. పక్కింటి చిన్నది ఎర్రజామకాయ కొరుకుతూ ఆమె ఎదురుగా నిలబడి ఉంది. అత్త ఒక కన్ను మూసి చూసింది. తర్వాత రెండోది మూసి చూసింది.

"ఓర్నీ! ఈ కంట్ల తెల్లగుంది లోకం. ఈ కంట్ల టీ నీళ్ల లెక్కుంది. ఇన్నేండ్లు టీ నీళ్లల్ల నుంచే చూసిన్నా ఏంది?"

"మరి నీ ఫోటోలన్నీ అంత సరిగ్గా ఎలా వచ్చాయత్తా?"

"నా కళ్లను నేనెన్నడు నమ్మిన? కార్డునే నమ్మిన!" అని పకపకా నవ్వింది.

మళ్లీ ఒక కన్ను మూసింది. మళ్లీ రెండోది. చిన్నది కొరకడం ఆపి ఆమెనే చూసింది. తనూ ఒక కన్ను మూయబోతే రెండూ మూసుకుపోయాయి. వేలితో ఒక రెప్పను పట్టి ఆపుకుంది. పెదాల చుట్టూ జామ గుజ్జు గులాబీ రంగులో అంటుకుని ఉంది. వాళ్లిద్దరూ అలా ఎదురెదురుగా, ఒక్కో కంటితో ఒకరినొకరు చూసుకుంటూ చాలాసేపు ఉండిపోయారు.