బర్రెల కొట్టంలో సగం బడి

చేతికి రాబోతున్న కొలువును నా చేతులతోనే బర్రెల కొట్టంలోకి తోలిన ఘనత నాది. ఆ కథ చెబుతాను, నవ్వండి. కడుపు నొప్పి వస్తే మాత్రం నా పూచీ లేదు.

అప్పట్లో మేం పట్నంలో, జహనుమా వాడలో పాలు అమ్మేవాళ్లం. మా కొట్టం గోడకు ఆనుకొనే సర్కారు ఆడపిల్లల బడి. ఒకటే గది, ఒకరే పంతులమ్మ. పిల్లలు మాత్రం గంపలో కోడిపిల్లల్లా కిక్కిరిసి ఉండేవారు. ఒకనాడు నేను కొట్లాటకే వెళ్లాను.

"ఏంది పంతులమ్మా ఈ లొల్లి? నా బర్రెలు బెదిరి పాలు చేపుతలేవు!"

"అయితే నువ్వే వచ్చి కూసో లచ్చమ్మా. వెనక పిల్లలకు నా గొంతు అందుతలేదు."

అలా కూర్చున్నదాన్ని మళ్లీ లేవలేదు. రోజూ పలకలు తుడిచాను, ముక్కులు తుడిచాను. ఒక్కోసారి రెండింటికీ ఒకటే కొంగు. నేను వెనక కాపలా ఉంటే, ఒక్కో పిల్ల చెయ్యి పట్టి దిద్దించే తీరిక పంతులమ్మకు చిక్కింది. ఏడాదిగా నోరు విప్పని మల్లి కూడా అక్షరాలు చదివింది. దాని పక్కనే కూర్చొని, ఇద్దరు బిడ్డల తల్లిని, నేనూ దిద్దుకున్నాను.

నన్ను సహాయానికి తీసుకోమని పంతులమ్మ అర్జీ పెట్టింది. చూసి తేల్చడానికి ఇన్‌స్పెక్టరమ్మ వస్తోందని కబురొచ్చింది. ఆమె కాదంటే బయటి మనుషులు తరగతిలో ఉండకూడదట. అంటే నా చదువు సగం అక్షరాల దగ్గరే ఆగిపోతుంది!

ఆమె వచ్చే రోజు నాకు కాలు నిలవలేదు. పెద్దమనిషి వస్తుంటే గది ఇట్లా ఉంచుతారా, మీరే చెప్పండి? మా ఇంటికి చుట్టాలొస్తే చిందరవందరంతా మంచం కిందికి తోసేదాన్ని. ఇక్కడ మంచం లేదు. కొట్టం ఉంది. పంతులమ్మ వాకిట్లోకి ఎదురు వెళ్లగానే వెనక పిల్లలందరినీ లేపాను.

"నడువుండ్రి బిడ్డా, సప్పుడు జెయ్యకుండ్రి!"

"ఏడికి లచ్చమ్మత్తా?"

"మా కొట్టంలకు. బర్రెలను సూసుకుంట కూసోండ్రి."

ఇన్‌స్పెక్టరమ్మ లోపలికి వచ్చేసరికి గది అద్దంలా ఉంది. పంతులమ్మ మొహం తెల్లబోయింది. నేను పెళ్లికొడుకు తల్లిలా తలుపు పక్కన నిలబడ్డాను.

"వాహ్! ఇంత ఆరాంగ ఉన్న క్లాసు నేనెక్కడ చూడలే. గది పొర్లుతున్నదని అర్జీల రాసినవు కదా, ఏది? ఝూట్ రాస్తవా? నీకు మనిషెందుకు?"

అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం. ఆమె విసురుగా వెళ్లి టాంగా ఎక్కుతుంటే వెంటపడ్డాను.

"దొరసానీ, ఆగుండ్రి! ఇంక సగం పిల్లలున్నరు!"

"ఎక్కడ?"

"మా బర్రెల కాడ!"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. నేను పరుగెత్తి కొట్టం తలుపు తీశాను. లోపల పిల్లలు ఊరికే కూర్చున్నారనుకున్నారా? జాలిపడి బర్రెలనూ, దూడలన్నిటినీ విప్పేశారు. దూడలు తల్లుల పాలు చుక్క మిగల్చకుండా తాగి, తోకలెత్తి బయటికి దూకాయి. వాటి వెంట బర్రెలు, బర్రెల వెంట పిల్లలు! వీధంతా నిండి, టాంగా కదలలేకపోయింది.

"అరె, వీటిల్ల మీ బడివెన్ని?" ఇన్‌స్పెక్టరమ్మ టాంగా మీంచే అరిచింది.

"తోకలున్నయి నావి దొరసానీ, మిగిలినవన్ని బడివి!"

ఆమె నవ్వు ఆపుకోలేక టాంగా కమ్మీ పట్టుకుంది. "గింతమందికి నువ్వొక్కదానివి సాలవు. అయినా నీతోనే మొదలుపెడదాం" అని అక్కడికక్కడే అర్జీ మీద సంతకం చేసింది.

ఆ రోజు మా వాడకు చుక్క పాలు లేవు. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఎవరొచ్చినా సరే ఇల్లు సర్దను. మా ఇంటికి వస్తే అంట్లగిన్నెలు దాటుకొని రండి. బద్ధకం అనుకుంటే అనుకోండి, నేను మాట తప్పే మనిషిని కాను.