పండుగ కాని నాడు లేచిన పీరు

మా కేతేపల్లిలో హుస్సేన్ పీరును ఎత్తాలంటే ఐలేశమే ఎత్తాలి. చేనేత కుటుంబం వాళ్లది. ఏటా మొహర్రానికి తన మగ్గం మీదే దట్టీ గుడ్డ నేసి, కర్రకు బిగించిన పీరు పంజాకు కట్టి, భుజాన ఎత్తుకొని ఊరంతా ఎగిరేవాడు. మంచివాడే, కానీ నలుగురు చూస్తున్నారంటే ఇక ఆగడు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఊళ్లో గాలి మారింది. "మనకు దేవుళ్లు లేరా? వాళ్ల పీరును మోసుడేంది?" అని మల్లేశ్ లాంటివాళ్లు గొణగసాగారు. ఐలేశానికి ఒళ్లు మండింది. నల్లగొండలో సుచరిత టీచర్ అన్ని మతాల పూజావస్తువులతో ప్రదర్శన పెడుతోందని తెలిసి, పీరును నలుగురికీ చూపిస్తే ఈ నోళ్లు మూతపడతాయనుకున్నాడు. పీరును కాపాడే ముసలి ముజావర్ జానిమియాను అడిగాడు.

"పెట్టెల పెట్టి ఇస్త. జర పైలం, తమ్మీ," అన్నాడాయన.

ప్రదర్శన హాల్లో ఒక పక్క చర్చి వాళ్ల మరియమ్మ పటం, మరో పక్క గుడి రథానికి కట్టే రంగుల గుడ్డ. నడుమ మూసిన పెట్టె ఐలేశం కంటికి ఆనలేదు. పీరును తీసి, కర్రకు బిగించి, కొత్త దట్టీ కట్టి, దండ వేసి నిలబెట్టాడు. జనం ఫొటోలు తీస్తుంటే మురిసిపోయాడు.

మధ్యాహ్నం జానిమియా, ఆయన భార్య వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

"ఏమైంది వదినె?"

జానిమియా పీరు వైపు చెయ్యి చూపాడు. "మొహర్రం నెలవంక కనవడకుండ పీరును లేపుతరా, ఐలేశం? పీరు లేసిందంటే మా ఇంట్ల సావు అయినట్టే. ఇన్నేండ్లు ఎత్తినవ్. గిది పండుగనే అనుకున్నవా?"

అనుకున్నాడు. కర్బలా యుద్ధంలో హుస్సేన్ ప్రాణాలు విడిచిన పాట ఏటా పాడాడు, పాటలాగే పాడాడు. ఎవరి దుఃఖాన్ని భుజాన వేసుకొని ఎగిరాడో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఇక ఈ జన్మలో జానిమియా తనను పీరు ముట్టనివ్వడనుకొని నాలుగడుగులు వెనక్కి జరిగాడు.

జానిమియా పీరును పడుకోబెట్టి, గుడ్డ చుట్టి, పెట్టె మూశాడు. మూసిన పెట్టెనే చూపిద్దామని సుచరిత టీచర్ కోరితే సాయంత్రం దాకా ఆ పెట్టెను అక్కడే ఉంచాడు.

మల్లేశ్ కూడా వచ్చాడు. "తెరిచి సూపియ్యవా?" అన్నాడు.

"సూపియ్య," అన్నాడు ఐలేశం. "గీ పెట్టెల వాళ్ల దుఃఖమున్నది. యాడాదికోపారి లేస్తది. అప్పుడు రా."

మల్లేశ్ పెట్టె పక్కన కూర్చున్న జానిమియా భార్య ముఖం చూసి, చెప్పులు విడిచి కాసేపు నిలబడి వెళ్లాడు.

సాయంత్రం జానిమియా పెట్టెకు ఒక దిక్కు చెయ్యి వేశాడు. ఐలేశం దూరంగానే ఉండిపోయాడు.

"సూస్తవేంది? అటు దిక్కు పట్టు," అన్నాడు ముసలాయన. "సావుకాడ ఒక్కడే మోస్తడా?"