మా పెండ్లి ఆమెకు యాదికి లేదు

ఆ ఉదయం నా భార్య సుగుణ ఏదో కాలుతున్నదని చెప్పింది. పొయ్యి చూసింది, ఆరిపోయి ఉంది. పెరట్లోకి వెళ్లి చూసి వచ్చింది. "రబ్బరు కాలినట్టు వాసనొస్తున్నది, మీకొస్తలేదా?" అన్నది. బోధన్‌లో చెరకు క్రషింగ్ మొదలైన వారం అది. చక్కెర ఫ్యాక్టరీ పొగ, పులిసిన మొలాసిస్ మడ్డి వాసన ఊరంతా కమ్ముకుని ఉంటాయి. "ఫ్యాక్టరీ వాసనే" అని నేను బడికి వెళ్లిపోయాను. మా ఊళ్లో ఎవరైనా ఆ మాటే అనేవారు. లేని వాసన తగలడం మెదడు జబ్బుకు గుర్తు కావచ్చునని తర్వాత డాక్టర్ చెబితే తెలిసింది.

సాయంత్రానికి జ్వరం, తల పగిలే నొప్పి. మర్నాడు "బాపు వచ్చిండా?" అని అడిగింది. వాళ్ల నాన్న నవీపేటలో ఉంటాడు. రాలేదన్నాను. నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్లీ "బాపు వచ్చిండా?" అన్నది. మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి. పక్కింటివాళ్ల జీపులో నిజామాబాద్ పెద్దాసుపత్రికి బయలుదేరాం. దారి నిండా చెరకు బండ్లు. బండ్లవాళ్లు దిగి, ఎడ్లను పక్కకు లాగి మాకు దారి ఇచ్చారు.

లంబార్ పంక్చర్ చేసి, వెన్నులోంచి నీరు తీసి పరీక్షించి, డాక్టర్ నన్ను పక్కకు పిలిచాడు. "ఎన్‌సెఫలైటిస్. మెదడు వాపు. దీనికి ఇదే మందు అని ఏమీ లేదు. ఫిట్స్ ఆపుతాం, వాపు తగ్గించడానికి చూస్తాం. మిగిలింది ఆమె శరీరం చూసుకోవాలి."

మా గురించి ఒక మాట చెప్పాలి. నేను బడిపంతులును. సెలవుల్లో ఊరూరా తిరిగి మూఢాచారాల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ని. మాది పురోహితుడు లేని పెళ్లి. బోధన్ రీడింగ్ రూములో మిత్రుల ముందు దండలు మార్చుకున్నాం. చెప్పదలచిన మాటలు ఇద్దరం నిలబడి చెప్పుకున్నాం. పుస్తె లేదు, మట్టెలు లేవు. ఆ రోజు ఫొటో తీసేవాడు దొరకలేదు.

ఆసుపత్రికి చూడవచ్చిన బంధువులు వరండాలో నాకు వినపడేటట్టే మాట్లాడుకున్నారు. "ముహూర్తం లేకపాయె, మంత్రం లేకపాయె. గట్ల చేసుకుంటే గిట్లనే అయితది." నేను లేచి వెళ్లి వాళ్లను వార్డులోకి తీసుకొచ్చాను. పక్క మంచాల మీద ఉన్న ఆడవాళ్లందరి మెడల్లోనూ పుస్తెలున్నాయి. అందరికీ మంత్రాలు చదివే పెళ్లి చేశారు. ఏ జబ్బు ఆ మంత్రాలు విని ఆగిందో చూపించమన్నాను. వాదనలో గెలిచాను. మంచం మీద ఆమె అలాగే పడి ఉంది.

జ్వరం దిగి కళ్లు తేటపడిన రోజు నన్ను చూసి దుప్పటి భుజాల దాకా లాక్కుంది. "సారూ, మీరేంది ఇక్కడ? బాపు బయటికి పోయినట్టుంది, కూసోండ్రి" అన్నది. వేళాకోళమనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. తల్లిని గుర్తుపట్టింది, తండ్రిని గుర్తుపట్టింది. నన్నూ గుర్తుపట్టింది, కాని పెళ్లికి ముందు నవీపేట లైబ్రరీలో ఉపన్యాసం చెప్పిన సారుగా. ఆ తర్వాతిదేదీ లేదు. పెళ్లి లేదు, బోధన్‌లో మా కాపురం లేదు.

హైదరాబాద్ తీసుకుపోయాను. ఇ.ఇ.జి. తీశారు. పెద్ద డాక్టర్ ఆమెను చాలాసేపు ప్రశ్నలడిగాడు. "రిమోట్ మెమరీ, అంటే పాత జ్ఞాపకం, బాగుంది. జబ్బుకు ముందు కొన్నేళ్లు పోయాయి. కొత్తది రిజిస్టర్ కావడం లేదు" అన్నాడు.

"పోయినవి లోపల ఉండి పైకి రావడం లేదా, అసలు లేవా?" అని అడిగాను.

"అది నాకు తెలియదు. తెలుసన్నవాణ్ని నమ్మకండి. ఏదైనా ఆనవాలు చూపించండి. వస్తువో, చోటో, పాటో. లోపల ఉంటే దాన్ని పట్టుకుని ఒక్కోసారి పైకి వస్తుంది."

ఇంటికి తెచ్చాను. తాను దిద్దుకున్న ఇల్లే ఆమెకు పరాయిది. "ఎవరిల్లు సారూ ఇది?" అంటూనే చేయి చాచి, చూడకుండా, ఉప్పు డబ్బా అందుకుంది. ఆ రోజంతా నేను ఆశతో ఆమె చేతులనే చూస్తూ తిరిగాను. మర్నాడు రీడింగ్ రూముకు తీసుకుపోయాను. మేం దండలు మార్చుకున్న చోట నిలబెట్టాను. చుట్టూ చూసి "పుస్తకాలు మంచిగున్నయి" అన్నది. అంతే.

అత్తగారు మా దగ్గరే ఉండిపోయింది. ఒకరోజు పసుపు రాసిన తాడు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మెడల పుస్తె ఉంటే అద్దంల చూసుకొని, నాకు పెండ్లైంది అని తెలుసుకుంటుండె గద బిడ్డా. ఏ ఆనవాలు లేకుండ చేస్తివి. ఇప్పుడన్న కట్టు."

మూడు నాలుగు రోజులు వద్దన్నాను. తర్వాత, ఇది ఆచారం కాదు, డాక్టర్ చెప్పిన ఆనవాలే కదా అని నాకు నేనే వాదించుకున్నాను. మునిగిపోతున్నవాడికి ఏ వాదనైనా బాగానే కనపడుతుంది. సుగుణను కూర్చోబెట్టి, ఏమీ దాచకుండా అంతా చెప్పి, తాడు చూపించాను.

ఆమె లేచి వెనక్కి జరిగింది. "నవీపేట లైబ్రరీల మీరే చెప్పిండ్రు గద సారూ. ఆవు మెడల తాడు ఎందుకు, ఇది ఫలానోళ్ల ఆవు అని ఊరికి తెల్వాలని. ఆడిదాని మెడల తాడు గూడ గందుకే అని. మనిషికి మనిషి మాట చాలు అని. నేను ముందటి వరుసల కూసున్న. ఇప్పుడు మీరే తాడు తెస్తిరి?"

నా ఉపన్యాసం, నేను చెప్పిన వరుసలోనే. అత్తగారు తాడు తీసుకుని కొంగున ముడేసుకుంది. "నువ్వు చెప్పిన ముచ్చట్లన్ని యాదికున్నయి దానికి. నువ్వే లేవు" అన్నది.

మనిషికి మనిషి మాట చాలునన్నది ఇప్పటికీ నా నమ్మకమే. కాని ఆ మాట ఇద్దరి దగ్గరా ఉండాలి. మాది నా ఒక్కడి దగ్గరే మిగిలింది.

అబద్ధం ఆడలేక ప్రతి ఉదయం నిజమే చెప్పాను. "నేను నీ భర్తను." ప్రతి ఉదయం ఆమె తెల్లబోయి, తల్లి వెనక్కి వెళ్లి నిలబడేది. మధ్యాహ్నానికి ఆ సంగతి మరిచిపోయేది. మరిచిపోతుంది కదా, నష్టమేముందనుకున్నాను. నెల తిరిగేసరికి నేను నోరు విప్పకముందే, గుమ్మంలో నన్ను చూడగానే ఒళ్లు ముడుచుకోవడం మొదలుపెట్టింది. "ఎందుకే గట్ల భయపడ్తవు?" అని తల్లి అడిగితే "తెల్వదే అవ్వా. సారు మంచోడే. గుండె దడదడ అంటున్నది" అన్నది.

హైదరాబాద్ డాక్టర్ ఇది విని తల ఊపాడు. "సంగతి నిలవదు మాస్టారూ, భయం నిలుస్తుంది. అవి రెండూ ఒకే దారిన పోవు. ఇక ఆపెయ్యండి. ఇంతకంటే కోలుకుంటుందని కూడా అనుకోకండి."

ఆపేశాను. కొన్నేళ్లయింది. తల్లీ కూతుళ్లు లోపలి గదిలో, నేను ముందు గదిలో. పొద్దున్నే "నేను సారును, చాయ తెచ్చాను" అంటాను. భయం మెల్లగా తగ్గి, పోయింది. ఇప్పుడు నా దగ్గర కూర్చుంటుంది, పేపరు చదివించుకుంటుంది. ఒక్కోసారి అడుగుతుంది.

"సారూ, మీకు పెండ్లి కాలేదా?"

"అయింది."

"మరి ఆమె ఏది?"

"ఇంట్లోనే ఉంది."

"పిలువుండ్రి, సూస్త" అంటుంది. నేను పేపరు తిప్పుతాను.

ఇలాంటి రోగి ఇంట్లో ఉన్నవాళ్లకు చెప్పగలిగింది ఒక్కటే. "నేనెవరో చెప్పు చూద్దాం" అని వాళ్లను ఎప్పుడూ అడగకండి. బంధువులనూ అడగనివ్వకండి. మీ పేరు మీరే ముందు చెప్పండి. ఏ పేరుకు వాళ్లు బెదరరో ఆ పేరే చెప్పండి, అది మీది కాకపోయినా సరే.